వీఎం లోపల వీఎం: పేజ్ ఫాల్ట్ భారం ఎవరి మీద పెట్టాలి

పోయిన నెల అనంతపురంలో ఒక ఇంజినీరింగ్ కాలేజీ ల్యాబ్ చూసుకునే తమ్ముడు ఫోన్ చేశాడు. "అన్నా, పిల్లోళ్లకి తలా ఒక వీఎం ఇచ్చినాం, దాంట్లో వాళ్లు కేవీఎం పెట్టుకోని ఇంకో వీఎం లేపుతాండారు. అది లేచేలోపల కిందికి పోయి ఉగ్గాని బజ్జీ తిని రావొచ్చు. ర్యామ్ పెంచమంటావా?" ర్యామ్ సంగతి తర్వాత, ముందు ఫాల్ట్‌లు లెక్కపెట్టప్పా అన్నాను. ఆ రాత్రి గంటన్నర మాట్లాడుకున్నదే ఇక్కడ కాస్త సర్ది రాస్తున్నాను, ఎందుకంటే కర్నూలు నుంచి ఒకరు, ప్రొద్దుటూరు నుంచి ఒకరు దాదాపు ఇదే ప్రశ్న అడిగారు, ముగ్గురికీ విడివిడిగా చెప్పే ఓపిక నాకు లేదు.

పేర్లు ముందే అనుకుందాం. వీఎం అంటే ఒక మెషీన్ లోపల సాఫ్ట్‌వేర్‌తో లేపే ఇంకో మెషీన్, దాన్ని లేపి నడిపేది హైపర్‌వైజర్, లైనక్స్‌లో ఆ పని చేసేది కేవీఎం. వీఎంలో ఇంకో వీఎం పెట్టడాన్ని నెస్టింగ్ లేదా నెస్టెడ్ అంటారు. అసలు ఇనుప మెషీన్ మీద ఉన్న హైపర్‌వైజర్ ఎల్0. దాని మీద నడిచే వీఎం, అంటే స్టూడెంట్‌కి ఇచ్చింది, ఎల్1. ఆ స్టూడెంట్ తన వీఎంలో లేపిన వీఎం ఎల్2. ఎల్2లో నడిచే ప్రోగ్రాం ఒక అడ్రసు అడిగితే అది మన ఊళ్లలో పాత డోర్ నంబరు లాంటిది. ఎల్2 కెర్నెల్ తన పేజ్ టేబుల్ (మెమరీని పేజీలనే చిన్న ముక్కలు చేసి ఏది ఎక్కడుందో రాసుకునే పట్టిక) చూసి దాన్ని కొత్త డోర్ నంబరుగా మారుస్తుంది, ఎల్1 దాన్ని తన లెక్కలో సర్వే నంబరు చేస్తుంది, ఎల్0 ఆ సర్వే నంబరుకి నేల మీద అసలు స్థలం ఎక్కడుందో చూపిస్తుంది. ఈ మూడు మార్పుల్లో ఎక్కడ ఎంట్రీ లేకపోయినా పని ఆగుతుంది, అదే పేజ్ ఫాల్ట్. ఆ ఫాల్ట్‌ని ఎవరు పట్టుకుంటారు, ఎన్నిసార్లు పైకీ కిందికీ తిరుగుతుంది అన్నదే మనం ఎంచుకునే పద్ధతిని బట్టి మారేది.

ఇంకో సంగతి అర్థం కాకపోతే మిగతాదంతా గాలిలో కలిసిపోతుంది. ఎక్స్86 మెషీన్లలో ఎల్2 నుంచి బయటికి వచ్చే ప్రతి ఎగ్జిట్ (వీఎం ఆగి అదుపు హైపర్‌వైజర్ చేతికి పోవడం) ముందు ఎల్0 దగ్గరికే పోతుంది. హార్డ్‌వేర్‌కి తెలిసిన హైపర్‌వైజర్ అదొక్కటే. ఎల్1 అనేవాడు ఉన్నాడని సీపీయూకి తెలియదు. సోమవారం కలెక్టరేట్‌లో అర్జీ ఇస్తే అది తిరిగి తిరిగి మన మండలం తహశీల్దారు టేబుల్ మీదికే వస్తుంది చూడండి, సరిగ్గా అదే. తహశీల్దారు చేయాల్సిన పనే అయినా అర్జీ జిల్లా కేంద్రం చూసి రావాల్సిందే, ఆయన రాసిన జవాబు కూడా అటు నుంచే పోవాల్సిందే. ఎల్1 తన పని ముగించి ఎల్2ని మళ్లీ నడపమని వీఎం రెజ్యూమ్ ఇన్‌స్ట్రక్షన్ ఇస్తే అది కూడా ఎల్0లోనే తేలుతుంది.

24 అనే అంకెకి భయపడకండి

నెస్టెడ్ గురించి ఎక్కడ చదివినా ముందు ఈ అంకె కనిపిస్తుంది. మామూలు మెషీన్‌లో 4 లెవెళ్ల పేజ్ టేబుల్ అయితే ఒక టీఎల్‌బీ మిస్‌కి (సీపీయూ గుర్తుపెట్టుకున్న అడ్రసుల్లో కావాల్సింది దొరకకపోతే) గరిష్ఠంగా 4 సార్లు మెమరీ చదవాలి. వీఎంలో గెస్ట్ (లోపలి ఓఎస్) టేబుల్ 4, కింద ఈపీటీ (వీఎం అడ్రసుని అసలు మెమరీ అడ్రసుగా మార్చడానికి హైపర్‌వైజర్ రాసి సీపీయూకి ఇచ్చే టేబుల్) 4 కలిసేసరికి అది 24 అవుతుంది, రెండు పక్కలా 5 లెవెళ్లయితే 35. ఇది చూసి "ఒక పొరకే 24 అయితే రెండు పొరలకి నూరు దాటుతుందేమో" అని చాలామంది అనుకుంటారు. కాదు. ఈపీటీ మీద ఈపీటీ పద్ధతిలో (కింద రెండో దారిగా చెప్పేది) హార్డ్‌వేర్ నడిచేది రెండే టేబుళ్లు: ఎల్2 సొంత పేజ్ టేబుల్ ఒకటి, ఎల్0 కలిపి కుట్టిన ఈపీటీ ఒకటి. కాబట్టి లోపలి వీఎంకి కూడా అదే 24. పైగా మధ్యలో ఉన్న టేబుళ్లకి సీపీయూలో చిన్న క్యాష్‌లు ఉంటాయి, నిజంగా 24 చదవడం ఎప్పుడో గానీ జరగదు.

అసలు ఖర్చు ఎగ్జిట్‌లో ఉంది. ఒక్క ఎగ్జిట్ పోయి రావడానికే వెయ్యి సైకిళ్ల పైమాట, నెస్టెడ్‌లో ఒక ఎగ్జిట్ ఇంకో పదింటిని వెంటేసుకొస్తుంది, ఎందుకంటే దాన్ని పరిష్కరించే దారిలో ఎల్1 ముట్టుకునే ప్రతి వీఎంసీఎస్ (వీఎం స్థితి రాసి ఉంచే రికార్డు) ఫీల్డూ మళ్లీ ఎల్0లోకి దిగబడేది. (ఇంటెల్ 2013లో హాస్వెల్ చిప్‌లతో వీఎంసీఎస్ షాడోయింగ్, అంటే ఆ ఫీల్డ్‌లని ఎగ్జిట్ లేకుండానే ముట్టుకునే వీలు, తెచ్చాక ఈ నొప్పి చాలా తగ్గింది. అంతకు ముందరి పాత సర్వర్ ఎవరైనా చవగ్గా ఇస్తానంటే నెస్టెడ్ కోసం మాత్రం తీసుకోకండి.) అందుకే వాక్ (టేబుళ్లు ఒక్కొక్కటీ చదువుతూ పోవడం) ఎంత పొడుగుందో చూసి కాదు, ఫాల్ట్ ఎన్నిసార్లు ఎల్0 దాకా పోతుందో చూసి ఎంచుకోండి అంటాను. కింద చెప్పే పోలిక అంతా ఈ ఒక్క కొలత మీదే.

మొదటి దారి, ఎల్1లో షాడో పేజింగ్

ఎల్1 దగ్గర ఈపీటీ లేకపోతే, లేదా ఎవరో ఆఫ్ చేసి ఉంటే ఇది తగులుకుంటుంది. ఎల్2 పేజ్ టేబుల్‌ని హార్డ్‌వేర్ వాడదు. దాని నకలు ఒకటి ఎల్1 రాసుకుని అదే నడిపిస్తుంది. నకలు అసలుతో సరిపోవాలంటే అసలు మారినప్పుడల్లా ఎల్1కి తెలియాలి, కాబట్టి ఎల్2లో వచ్చే ప్రతి పేజ్ ఫాల్ట్‌నీ ఆపి చూడాలి. ఇప్పుడు లోపల ఒక మామూలు మాలోక్ (ప్రోగ్రాం మెమరీ అడగడం) జరిగి ప్రోగ్రాం కొత్త పేజీని తాకిందనుకోండి. ఫాల్ట్ ఎల్0కి, అక్కడి నుంచి ఎల్1కి. ఎల్1 చూసి "ఇది ఎల్2 కెర్నెల్ సొంత వ్యవహారం" అని ఎల్0 మీదుగా ఎల్2కి తిరిగి పంపుతుంది. ఎల్2 కెర్నెల్ తన టేబుల్‌లో ఎంట్రీ రాస్తుంది, ఆ టేబుల్‌కి రైట్ ప్రొటెక్షన్ ఉంటే మళ్లీ ఎల్0, ఎల్1. ప్రోగ్రాం ఆ పేజీని మళ్లీ తాకుతుంది, నకలులో ఇంకా లేదు కాబట్టి మళ్లీ అదే ప్రదక్షిణ. ఒక చిన్న ఫాల్ట్‌కి మూడు అర్జీలు, అన్నీ కలెక్టరేట్ మీదుగానే.

ఫోర్క్ (కొత్త ప్రాసెస్ పుట్టించడం) ఎక్కువ చేసే పని, అంటే కంపైల్, షెల్ స్క్రిప్టులు, ప్యాకేజీ ఇన్‌స్టాల్, ఈ పద్ధతిలో తడిసి మోపెడవుతుంది. ఒకసారి మెమరీ తీసుకుని దాంట్లోనే లెక్కలు చేసుకునే ప్రోగ్రాంకి మాత్రం పెద్దగా తేడా తెలియదు, అందుకే కొందరు "మాకు బాగానే నడుస్తోంది" అంటారు. వాళ్లు అబద్ధం చెప్పడం లేదు, వాళ్ల పని అలాంటిది. ఎల్0లోనూ ఈపీటీ లేక రెండు చోట్లా షాడో నడిపే రకం ఇంకోటుంది గానీ, ఇంటెల్‌లో 2008 నాటి నెహాలెమ్ చిప్ నుంచి, ఏఎండీలో 2007 నాటి బార్సిలోనా చిప్ నుంచి హార్డ్‌వేర్ సాయం ఉంది కాబట్టి దాని గురించి మాట్లాడుకోవడం దండగ.

రెండో దారి, ఈపీటీ మీద ఈపీటీ

నా ఓటు దీనికే, పది మందిలో తొమ్మిది మందికి ఇదే చాలు. ఐబీఎం హైఫా వాళ్ల టర్టిల్స్ ప్రాజెక్టు 2010లో దీన్ని మల్టీ డైమెన్షనల్ పేజింగ్ అనే పేరుతో వివరించింది. మామూలు వర్క్‌లోడ్లలో ఒకే పొర వీఎంతో పోలిస్తే 6 నుంచి 8 శాతం తేడాలోపే ఉండొచ్చని ఆ పేపర్లో చూపించారు. ఆ లెక్క వాళ్ల సెటప్‌ది, మీ ల్యాబ్‌లో అంతే వస్తుందని ఆశ పెట్టుకోకండి.

ఇందులో ఎల్1 తన ఎల్2 కోసం ఒక ఈపీటీ రాసుకుంటుంది, దాన్ని ఈపీటీ12 అంటారు. ఎల్1 కోసం ఎల్0 రాసింది ఈపీటీ01. ఈ రెండింటినీ కలిపి ఎల్0 ఈపీటీ02 అని ఇంకోటి కుడుతుంది, హార్డ్‌వేర్‌కి ఇచ్చేది దాన్నే. దీంట్లో ఉన్న సుఖమేమిటంటే ఎల్2 సొంత పేజ్ ఫాల్ట్‌లు ఎవరినీ లేపవు. నేరుగా ఎల్2 కెర్నెల్‌కే పోతాయి, అది తన టేబుల్ తానే దిద్దుకుంటుంది. ఇంటి గొడవ ఇంట్లోనే తేలినట్టు. ఒకసారి వేడెక్కిన మెమరీ మీద ఎన్ని ఫోర్క్‌లు, ఎన్ని మాలోక్‌లు చేసినా ఎగ్జిట్ సున్నా.

కష్టమంతా చల్ల మెమరీతోనే, అంటే ఎల్2 మొదటిసారి తాకే పేజీతో. ఈపీటీ02లో ఎంట్రీ లేక ఫాల్ట్ ఎల్0కి పోతుంది, ఎల్0 ఈపీటీ12 నడిచి చూస్తే అక్కడా లేదు, అంటే ఇది ఎల్1 పని కాబట్టి నీకు ఈపీటీ వయొలేషన్ వచ్చిందని ఎల్1కి అందిస్తుంది, ఎల్1 ఒక పేజీ వెతికి, దాన్ని సున్నాలతో తుడిచి (ఆ పేజీకి వెనక ఎల్0 ఇంకా ర్యామ్ ఇచ్చి ఉండకపోతే ఇక్కడ మధ్యలో ఇంకో ఫాల్ట్), ఈపీటీ12లో రాసి, వీఎం రెజ్యూమ్ అంటుంది, అది ఎల్0 మీదుగా ఎల్2 దగ్గరికి చేరుతుంది, ఎల్2 అదే పేజీని తాకుతుంది, మళ్లీ ఫాల్ట్! ఈపీటీ02 ఇంకా ఖాళీగానే ఉంది కదా. ఈసారి ఎల్0కి ఈపీటీ12లో ఎంట్రీ దొరుకుతుంది, తన వంతు మార్చి ఈపీటీ02 నింపుతుంది, అప్పుడు గానీ ఆ ఒక్క లోడ్ ఇన్‌స్ట్రక్షన్ పూర్తి కాదు. లోపలి వీఎం బూట్ నిదానంగా, తర్వాత చురుగ్గా ఉండేది ఇందుకే. తమ్ముడి పిల్లలు బూట్ చేసి, ఒక కమాండ్ కొట్టి, స్క్రీన్‌షాట్ తీసి, ఆపేస్తారు. అంటే వాళ్లు అనుభవించేది ఎప్పుడూ ఆ చల్ల భాగాన్నే.

దీనికి మందు హ్యూజ్ పేజీలు. 2 ఎంబీ అంటే 4 కేబీ పేజీలు 512, కాబట్టి అనుకూలంగా పడితే 512 ప్రదక్షిణలు చేసేచోట ఒక్కటి. కానీ చాలామంది పప్పులో కాలేసేది ఇక్కడే: ఎల్0లో హ్యూజ్ పేజీలు పెట్టి ఎల్1లో వదిలేస్తారు, లేదా ఎల్1లో పెట్టి ఎల్0లో మరిచిపోతారు. ఈపీటీ02లో 2 ఎంబీ ఎంట్రీ పడాలంటే ఈపీటీ12లోనూ 2 ఎంబీ ఉండాలి, ఎల్0 దగ్గర ర్యామ్ కూడా 2 ఎంబీ ముక్కగా ఉండాలి. ఒక పక్క 4 కేబీ అయితే కలిపి కుట్టింది కూడా 4 కేబీయే. రెండు పక్కలా పెడితే 24 వాక్ కూడా 19కి తగ్గుతుంది, అది బోనస్ అనుకోండి.

దీంతోపాటు ఎల్1కి సీపీయూని హోస్ట్ పాస్‌త్రూ మోడల్‌లో (అసలు సీపీయూ ఫీచర్లు ఉన్నవి ఉన్నట్టు కనబడేలా) ఇవ్వండి. జెనెరిక్ మోడల్ పేరు పెడితే రెండు నష్టాలు. వర్చువలైజేషన్ ఫీచరే ఎల్1కి కనబడకపోతే లోపల కేవీఎం ఉండదు, క్యూఈఎంయూ (కేవీఎంతో కలిసి వీఎంని నడిపే ప్రోగ్రాం) ప్రతి ఇన్‌స్ట్రక్షన్‌నీ సాఫ్ట్‌వేర్‌లో అనువదిస్తూ కూర్చుంటుంది, అప్పుడు మీరు పేజ్ ఫాల్ట్‌ల గురించి తల బాదుకోవడం కొండను తవ్వి ఎలుకను పట్టినట్టే. రెండోది పాత ఇంటెల్ జియాన్ సర్వర్ చిప్‌ల గొడవ. 2019 నవంబరులో బయటపడ్డ ఐటీఎల్‌బీ మల్టీహిట్ లోపానికి మందుగా కేవీఎం ఆ చిప్‌ల మీద కోడ్ ఉన్న హ్యూజ్ పేజీలను 4 కేబీగా ముక్కలు చేస్తుంది. ఎల్0 ఇప్పటికే ఆ జాగ్రత్త తీసుకుంటోందని ఎల్1కి తెలిస్తే అది ఊరుకుంటుంది, తెలియకపోతే అదీ తన వంతుగా ముక్కలు చేస్తుంది. చేసిన పనే మళ్లీ చేయడం.

ఇంకో చిక్కు పెద్ద మెషీన్ ఉన్నవాళ్లకి. 5.10 కెర్నెల్‌తో కేవీఎంలోకి టీడీపీ ఎంఎంయూ (ఈపీటీలని చూసుకునే కొత్త కోడ్) వచ్చింది, తర్వాతి కెర్నెల్‌లలో మామూలు వీఎం వీసీపీయూలు (వీఎంకి ఇచ్చిన సీపీయూలు) ఒకేసారి ఫాల్ట్‌లు తీర్చుకోగలిగాయి. ఎల్2 కోసం కుట్టే ఈపీటీ02కి మాత్రం పాత షాడో కోడే దిక్కు, అది లాక్‌ని ఒక్కరే పట్టుకునేలా తీసుకుంటుంది. ఎల్1 ఒకటే పెట్టి దానికి 32 వీసీపీయూలు ఇచ్చి దాంట్లో నలభై ఎల్2లు లేపితే, ఫాల్ట్‌లన్నీ పండగ ముందు రోజు ఆర్టీసీ బస్టాండు కౌంటర్ ముందు క్యూ కట్టినట్టు ఒకే లాక్ ముందు నిలబడతాయి. ఆ లాక్ ఎల్1కి ఒకటి చొప్పున ఉంటుంది కాబట్టి ఎల్1లను చిన్నవిగా, ఎక్కువగా పెట్టడమే ఉపాయం.

ఏఎండీ వాళ్లకి ఇదంతా ఎన్‌పీటీ అనే పేరుతో జరుగుతుంది, కథ అదే.

మూడో దారి, ఎల్0ని అడగకుండానే

క్లౌడ్‌లో అద్దెకి వీఎం తీసుకున్నారు, వాళ్లు లోపల వర్చువలైజేషన్ ఇవ్వరు, లేదా ఇచ్చినా ఎల్0 మీద భారం పడి ఫాల్ట్‌లు నిదానిస్తున్నాయి. అలాంటి చోట కోసం యాంట్ గ్రూప్ ఇంజినీర్లు పీవీఎం అనే పద్ధతి తెచ్చారు, 2023లో ఎస్‌ఓఎస్‌పీ అనే ఆపరేటింగ్ సిస్టమ్స్ సదస్సులో పేపర్ వచ్చింది, 2024లో లైనక్స్ కెర్నెల్ వాళ్ల ముందు ప్యాచ్‌లు పెట్టారు. పాత షాడో పేజింగే మళ్లీ, కానీ ఒక తెలివితో: ఎల్2 కెర్నెల్‌ని కూడా యూజర్ మోడ్‌లోనే నడుపుతారు, హార్డ్‌వేర్ వర్చువలైజేషన్ అసలు వాడరు. అప్పుడు ఎల్2 ఫాల్ట్ సీపీయూ కంటికి ఎల్1లో వచ్చిన మామూలు పేజ్ ఫాల్ట్ మాత్రమే. అది ఎల్1లోనే తేలిపోతుంది, కలెక్టరేట్ మెట్లెక్కే పనే లేదు. మొదటి దారిలో చూసిన షాడోకీ దీనికీ పేరు ఒకటే, ఖర్చు మాత్రం పూర్తిగా వేరు. షాడో అంటేనే చెడ్డదని కొట్టిపారేయకూడదని నేను నేర్చుకున్నది దీని వల్లే.

మరి అందరికీ ఇదే ఎందుకు చెప్పను? ఎల్2 కెర్నెల్‌ని దీనికి తగ్గట్టు మార్చుకోవాలి, ఎల్1 కెర్నెల్ మీరే కట్టుకోవాలి, విండోస్ గెస్ట్ మాట మరిచిపోవాలి. వేల సంఖ్యలో చిన్న కంటైనర్ వీఎంలు లేపే కంపెనీకి ఇది బంగారం. కడపలో ఇంట్లో కూర్చుని రెండు వీఎంలు ఆడించేవాడికి ఇది గోటితో పోయేదానికి గొడ్డలి. ఈపీటీ కావాల్సిందే అనుకుంటే నెస్టెడ్ ఇచ్చే క్లౌడ్‌లు కూడా ఉన్నాయి, గూగుల్ క్లౌడ్, అజూర్ కొన్ని రకాల మెషీన్ల మీద ఇస్తాయి. వారం రోజులు కెర్నెల్ కట్టుకునే బదులు ప్రొవైడర్‌ని మార్చడం చవకేమో ఒకసారి లెక్కేసుకోండి.

నాలుగో దారి, అసలు నెస్టింగే వద్దు

ఇది చెబితే కొందరికి కోపం వస్తుంది గానీ, నన్ను అడిగిన ముగ్గురిలో ఇద్దరికి నేను చెప్పింది ఇదే. కర్నూలు ఆయనకి కావాల్సింది ఒకే వీఎంలో పది వేర్వేరు లైనక్స్ యూజర్‌ల్యాండ్‌లు. కంటైనర్లు చాలు, కొత్త పేజ్ టేబుల్ పొర లేదు, కొత్త ఫాల్ట్ లేదు. ప్రొద్దుటూరు ఆయనకి నిజంగానే వేరే కెర్నెల్ కావాలి, కానీ ఎల్0 కూడా ఆయన చేతిలోనే ఉంది. అలాంటప్పుడు ఎల్2ని ఎల్1 లోపల ఎందుకు లేపాలి, పక్కన ఇంకో ఎల్1గా లేపి రెండింటినీ ఒక బ్రిడ్జి నెట్‌వర్క్‌లో కలిపేస్తే సరిపోతుంది. లోపల వీఎం ఉండి తీరాల్సిన సందర్భాలు నిజానికి తక్కువ: హైపర్‌వైజర్ నేర్పడం, హైపర్‌వైజర్ టెస్ట్ చేయడం, ఎల్0 మన చేతిలో లేని క్లౌడ్, ఆండ్రాయిడ్ ఎమ్యులేటర్ లాంటివి నడిపే బిల్డ్ మెషీన్లు.

ఎంచుకునే ముందు కొలవండి

ఎల్0లో పర్ఫ్ టూల్‌కి కేవీఎం స్టాట్ అనే సబ్‌కమాండ్ ఉంది, ఎగ్జిట్ కారణాల వారీగా లెక్క చూపిస్తుంది. ఈపీటీ వయొలేషన్ బూట్ సమయంలో ఎక్కువై తర్వాత పడిపోతే అది చల్ల మెమరీ, హ్యూజ్ పేజీలతో తగ్గుతుంది. గంటల తర్వాత కూడా తగ్గకపోతే ఎల్0 ఎక్కడో పేజీలు వెనక్కి లాక్కుంటోంది: స్వాప్ (పేజీలని డిస్కుకి పంపడం), బెలూన్ (వీఎం నుంచి ర్యామ్ వెనక్కి తీసుకోవడం), కేఎస్‌ఎం (ఒకేలాంటి పేజీలని కలిపేయడం), ఎక్కువగా ఈ మూడింటిలో ఒకటి. ఈపీటీ02 అనేది ఎల్0 దగ్గరి ర్యామ్ కదిలితే చిరిగిపోయే గుడ్డ, చిరిగిన చోటల్లా మళ్లీ కుట్టాలి. ఎక్సెప్షన్ ఎగ్జిట్‌లు కుప్పలుగా ఉంటే ఎల్1 షాడోలో నడుస్తోందేమో చూడండి. ఇక ఈపీటీ మిస్‌కాన్ఫిగ్ అనేది ఎక్కువగా కనిపిస్తే అది మెమరీ సమస్య కాదు, కేవీఎం డివైస్ అడ్రసులని పట్టుకోవడానికి కావాలని పెట్టే గుర్తు, మీ డిస్కు లేదా నెట్‌వర్క్ వైపు చూడాలి. ఎగ్జిట్ కారణాల జాబితాలో వయొలేషన్ 48, మిస్‌కాన్ఫిగ్ 49, పక్కపక్క నంబర్లు కావడంతో ఒకదాన్ని ఇంకోటనుకుని నేనే ఒక ఆదివారం పోగొట్టుకున్నాను, అదీ మే నెలలో, మేడ మీద గదిలో, కరెంటు వచ్చీ పోతూ.

నెస్టెడ్ ఆన్‌లో ఉందో లేదో చూడాలంటే ఎల్0లో కేవీఎం ఇంటెల్ మాడ్యూల్ పారామీటర్లలో నెస్టెడ్ అనే ఫైలు చదవండి. 4.20 కెర్నెల్ నుంచి అది మామూలుగానే ఆన్‌లో ఉంటుంది. అక్కడితో ఆగకుండా ఎల్1 లోపలికి పోయి అదే చోట ఈపీటీ అనే ఫైలు కూడా చదవండి.

తమ్ముడి ల్యాబ్‌లో దొరికింది అక్కడే. ఎల్1 ఇమేజ్‌లో ఎవరో ఏనాడో ఏదో పాత ట్యుటోరియల్ చూసి ఈపీటీ ఆఫ్ చేసే లైను ఒకటి కాన్ఫిగ్‌లో పెట్టారు, ఆ ఇమేజ్‌నే ఏళ్లుగా కాపీ చేస్తూ వచ్చారు, అంటే పిల్లలందరూ మొదటి దారిలో నడుస్తున్నారు. ఆ లైను తీసేశాక బూట్ మనుషులు భరించగలిగే స్థాయికి వచ్చింది. కానీ మధ్యాహ్నం బ్యాచ్‌లో మళ్లీ నిదానం. ఈసారి చూస్తే 60 మందికి తలా 4 జీబీ, మొత్తం 240 జీబీ పంచారు, సర్వర్‌లో ఉన్నది 192. ఎల్0 స్వాప్ చేస్తోంది. "అట్లయితే ర్యామ్ కొనాల్సిందేనా అన్నా?" అని మళ్లీ అదే పాట. 30 మంది చొప్పున రెండు బ్యాచ్‌లు చేయప్పా, 120 జీబీ అవుతుంది, దాన్నంతా హ్యూజ్ పేజీలుగా ముందే పక్కన పెట్టేయొచ్చు, స్వాప్ బాధ ఉండదు అన్నాను. టైం టేబుల్ మార్చడానికి ప్రిన్సిపాల్ ఒప్పుకోవాలంట. అది ఏ లెవెల్ ఫాల్టో నాకు తెలియదు.